అందరూ కియా అంటారు, నా బ్యాడ్జి మీద పేరు వేరే

మా సైడు ఎవరింట్లోనైనా పిల్లోడు డిప్లొమానో ఐటీఐనో పాసైతే చాలు, ఫోన్ నాకే వస్తుంది. "ఏమప్పా, నువ్వు కియాలో ఉండావంట కదా, మావోన్ని కూడా యాడన్నా పెట్టించు" అని. మేనమామలు, చిన్నాయన వరసోళ్లు, బళ్లో నాతో చదివినోళ్ల అన్నలు, ఆఖరికి మా నాయనకి మందులు, ఎరువులు అప్పుకిచ్చే అంగడాయన కూడా. నేను కియాలో లేను మామా, కియాకి సీట్లు చేసిచ్చే కంపెనీలో ఉండా అంటే కాసేపు ఏం మాట్లాడరు, మళ్లీ "ఆఁ, అదేలేప్పా, రెండూ ఒగటే కదా" అంటారు. ఒగటి కాదు. అట్లని పూర్తిగా వేరే కూడా కాదు. ఇదంతా ఫోన్లో చెప్పబోతే నేను ఏదో ఎగ్గొడతాండానని అనుకుంటాండారు, అందుకే ఒకసారి తీరిగ్గా రాస్తాండా, చదివినాక కూడా పెట్టించమంటే అప్పుడు చూద్దాం.

తెలియనోళ్ల కోసం ముందు కొంచెం. కియా అంటే కొరియా కార్ల కంపెనీ, వాళ్లు మన రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది 2017 ఏప్రిల్‌లో. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర, బెంగళూరు హైవేని ఆనుకుని 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల కెపాసిటీ. 2019 జనవరిలో ట్రయల్ ప్రొడక్షన్ అయింది, ఆగస్టులో సెల్టోస్ మార్కెట్‌లోకి వచ్చింది, డిసెంబర్‌లో ప్రారంభోత్సవం. 2023 జూలైకి 10 లక్షల బండ్లు దాటేసినాయి. మధ్యలో 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టి పెనుకొండని శ్రీ సత్యసాయి జిల్లాలో కలిపినారు గానీ మాకు నోరు తిరగదు, ఇప్పటికీ అనంతపురం కియా అనే అంటాం, బయటోళ్లూ అట్లే అంటారు.

మా నాయన మొదట్లో నమ్మలే. వాన పడని నేల, బోరు ఏసినా నీళ్లు పడవు, ఎండాకాలం తాగడానికే ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని కూచుంటాం, ఈడ కార్లకి రంగులేసే ఫ్యాక్టరీకి నీళ్లు యాడ తెస్తారు అన్నాడు. ఆయనన్నదాంట్లో తప్పు లేదు, పెయింట్ షాప్ అంటే మామూలు నీళ్లు సరిపోవు, రంగు కంటే ముందు బాడీని కడగడమే ఎన్నిసార్లో కడుగుతారు. నీళ్లు వచ్చింది గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి, దానికి వచ్చింది హంద్రీ-నీవా కాలువ నుంచి, ఆ కాలువకి శ్రీశైలం వెనక నీళ్లని కర్నూలు సైడు మల్యాల దగ్గర మోటర్లతో ఎత్తి పోస్తారు. కృష్ణ నీళ్లు ఎత్తి పోసుకుంటా పోసుకుంటా పెనుకొండ దాకా రావడం, నన్నడిగితే కారు ఫ్యాక్టరీ కంటే అదే పెద్ద వింత. నాయన ఇప్పటికీ కార్ల సంగతి అడగడు, రిజర్వాయర్‌లో నీళ్లుండాయా అని అడుగుతాడు.

సరే అసలు సంగతికి వస్తా. కారుని ఒక్క కంపెనీ చేయదు. పెద్ద ప్లాంట్‌లో జరిగేది ఏందంటే ప్రెస్ షాప్‌లో రేకు నొక్కుతారు, బాడీ షాప్‌లో రోబోలు స్పాట్ వెల్డింగ్ చేసి డబ్బా నిలబెడతాయి, పెయింట్ షాప్‌లో రంగు, ఆ తర్వాత అసెంబ్లీలో అన్నీ బిగించి బయటికి తోలుతారు. ఇంక సీట్లు, డ్యాష్‌బోర్డు, బంపర్లు, వైరింగ్, సైలెన్సర్, అద్దాలు ఇవన్నీ చుట్టుపక్కల ఉండే ఫ్యాక్టరీల నుంచో, చెన్నై సైడు నుంచో వస్తాయి. హైవే మీద పోతాంటే కొరియా భాషలో బోర్డులు కనపడతాయే, అవన్నీ కియా కాదు, మాలాంటోళ్లవి. ఆ కారు మీద చెయ్యి పెట్టే మనుషుల్లో ఎంతోమంది ఆ పెద్ద గేటు లోపలికి ఎప్పుడూ పోయిండరు. నేను పనిలో చేరిన కొత్తలో నాకూ ఇది అర్థం కాలే, పెద్ద గేటు ముందర బస్సు ఆగుతుందనుకుని బ్యాగు సర్దుకుని లేస్తే బస్సు నేరుగా ముందుకు పోయింది.

సీట్లు ముందే చేసి గోడౌన్‌లో పెట్టి, అడిగినప్పుడు పంపిస్తామని అనుకుంటారు చాలామంది. అట్ల కాదు. రంగు వేసిన బాడీలన్నీ పోయి ఒక స్టోర్‌లో వరసగా నిలబడతాయి. అక్కడి నుంచి ఏ బాడీ ముందు అసెంబ్లీలోకి దిగుతాదో ఆ వరస ఖాయం కాగానే మా ప్లాంట్‌లో ప్రింటర్ టకటకా మొదలుపెడతాది. ఒక్కో బండికి ఒక్కో చీటీ, దాని మీద సీక్వెన్స్ నంబరు, మోడలు, వేరియంటు, రంగు కోడు. నల్ల సీట్ల సెల్టోస్, దాని వెనక లేత రంగు సీట్ల సోనెట్, దాని వెనక మూడు వరసల క్యారెన్స్, మళ్లీ సెల్టోస్ గానీ ఈసారి గాలి వచ్చే సీట్లు. ఏ వరసలో చీటీ వచ్చిందో అదే వరసలో సీటు తయారవ్వాల, అదే వరసలో ట్రాలీ ఎక్కాల, అదే వరసలో లారీ దిగాల. అక్కడ లైన్ మీదికి సీటు వచ్చే టైమూ, ఆ బాడీ వచ్చే టైమూ ఒకటే. మధ్యలో ఒక్కటి తారుమారైతే అక్కడి నుంచి వెనకవన్నీ తారుమారే, నల్ల కార్పెట్ బండిలో తెల్ల సీటు దిగుతాది.

3 లక్షల కార్లని ఏడాది పనిదినాలతో భాగించి చూడండి, రోజుకి దగ్గర దగ్గర వెయ్యి. మూడు షిఫ్టులు, టీ బ్రేకు, భోజనం తీసేస్తే నిమిషం పైచిలుకుకి ఒక బండి. ఆ నిమిషాన్ని టాక్ట్ టైమ్ అంటారు. ఫుల్లు కెపాసిటీలో లైన్ నడిచేటప్పుడు మా లెక్క కూడా అదే నిమిషం, వాళ్ల గడియారమే మా గడియారం, అక్కడ లైన్ కొంచెం నిదానిస్తే ఇక్కడ మాకు ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతాది, అక్కడ రెండో మోడలు మొదలైతే ఇక్కడ మాకు కొత్త ర్యాకులు, కొత్త బిగించే గన్నులు, కొత్త ట్రైనింగు. నేను కియాలో లేను అంటానే గానీ, పొద్దున్నించి సాయంత్రం దాకా నా చేతులు ఆడేది మాత్రం వాళ్ల లెక్క మీదే.

నా స్టేషన్ ముందు సీటు వీపు భాగం, కవర్ తొడిగేది. చూసేవాళ్లకి దిండుకి గలీబు తొడిగినట్టే ఉంటాది, ఒక్కసారి చెయ్యి పెడితే తెలుస్తాది. కవర్ని కావాలనే బిర్రుగా కుడతారు, వదులుగా ఉంటే ఏడాదికే జోలెలాగా వేలాడతాది కాబట్టి. ఫోమ్‌లో ఒక తీగ పోసుంటారు, కవర్ లోపలివైపు ఇంకో తీగ ఉంటాది, ఆ రెండింటినీ కలిపి గన్నుతో హాగ్ రింగ్, అంటే రెండు తీగల్నీ కలిపి పట్టే చిన్న లోహపు రింగు, కొట్టాల, అప్పుడే సీటు మీద కనపడే ఆ గాడి లోపలికి దిగుతాది. రింగు తీగకి పట్టకుండా పక్కన ఫోమ్‌కి పట్టిందనుకో, పైకి బాగానే ఉంటాది, మనిషి నాలుగు రోజులు కూచుంటే ఊడి వస్తాది. రింగు పడినప్పుడు వచ్చే శబ్దంలోనే తేడా తెలుస్తాది మాకు. ఆ తర్వాత కవర్ని కిందికి లాగి లోపల క్లిప్పుకి తగిలించాల, ఈ లాగడం దగ్గరే బొటనవేళ్లు అయిపోతాయి. డిసెంబర్, జనవరిలో పొద్దున షిఫ్టుకి ఆ లెదరెట్ (తోలు మాదిరి కనపడే బట్ట) కవర్ రేకులాగా బిర్రబిగుసుకుని ఉంటాది, వేడి పట్టనిస్తే గానీ లొంగదు. కొత్తగా చేరిన పిల్లోళ్లు రెండో రోజే వేళ్లకి టేపు చుట్టుకుని వస్తారు, వారానికి కొంతమంది రారు.

ముడతలకి ఆఖర్లో స్టీమ్ కొడతారు, ఎక్కడన్నా గీత కనపడితే ఎన్‌జీ స్టిక్కర్ అంటించి పక్కకి. ఎన్‌జీ అంటే నాట్ గుడ్, మా ప్లాంట్‌లో బాగలేని దేన్నైనా ఎన్‌జీ అనే అంటాం, క్యాంటీన్‌లో చారుని కూడా.

అన్నిటికంటే భయంగా చేసే పని సైడ్ ఎయిర్‌బ్యాగ్. ముందు సీటు వీపుకి తలుపువైపు అంచులో లోపల ఎయిర్‌బ్యాగ్ ఉంటాది, గుద్దుకున్నప్పుడు అది సీటు కుట్టుని చీల్చుకుని బయటికి రావాల. అందుకని ఆ ఒక్క కుట్టుకి దారం వేరే, కావాలనే తెగేటట్టు పెడతారు, ఎవరు కుట్టినారు ఏ మిషన్ మీద కుట్టినారు అనేది కూడా రికార్డులో ఉంటాది. లోపల ఎయిర్‌బ్యాగ్‌ని చుట్టుకుని ఒక బట్ట ఉంటాది, అది మడత పడకూడదు, మెలి పడకూడదు. నట్టు బిగించే గన్ను టార్క్, అంటే బిగించే బలం, సరిపోతేనే పచ్చ లైటు ఇస్తాది, బార్‌కోడ్ స్కాన్ అయితేనే సీటు ముందుకు కదులుతాది. మనిషి మర్చిపోయినా మిషన్ మర్చిపోదు. మా లైన్ లీడర్ అన్న తమిళాయన, చెన్నై పక్కన శ్రీపెరుంబుదూర్‌లో కార్ల ఫ్యాక్టరీల్లో ఎన్నేళ్లో చేసి వచ్చినాడు, ఆయన ఎయిర్‌బ్యాగ్ స్టేషన్ దగ్గర ఎవరన్నా నవ్వుతా మాట్లాడితే కూడా ఊరుకోడు.

ఇంత చేసి పంపిస్తే మనోళ్లు ఏం చేస్తారో చెప్తా. మా బావ, అంటే మా పెద్దక్క మొగుడు, ధర్మవరంలో చీరల యాపారం, క్యారెన్స్ తీసుకున్నాడు. ఆ బండికి మొదట్నించీ అన్ని వేరియంట్లకీ 6 ఎయిర్‌బ్యాగులు కంపెనీవే. కసాపురం ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, తిరిగొచ్చేటప్పుడు అనంతపురంలో ఆగి మందంగా సీటు కవర్లు వేయించుకున్నాడు. సీటు మొత్తం మూసేసి, పక్కన కూడా గట్టిగా కుట్టేసినారు. నాకు ఒళ్లు మండింది. బావా, ఆ కుట్టు చీలడానికే పెట్టింది, నువ్వు దాని మీద ఇంకో గోనెసంచి తొడిగినావు, ఎయిర్‌బ్యాగ్ యాడ నుంచి రావాల అన్నా. "ఏమోప్పా, మాసిపోతాయని ఏసినా, పాతిక వేలు పెట్టిన కవర్లు తీసి పారేయమంటావా" అన్నాడు. అక్క కలగజేసుకుని ముందు రెండు సీట్లవి తీయించింది, వెనకవి ఉంచుకున్నారు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటు కాబట్టి అంచులో చిన్న ట్యాగు ఉంటాది, ఎయిర్‌బ్యాగ్ అని రాసుంటాది, మీ బండిలో అది కనపడితే అక్కడ కవర్ వేయొద్దు, వేసినా ఆ వైపు తెరిచి ఉండేవి అడగండి. అంగట్లో వాడు ఏం కాదన్నా అంటాడు, వానికేం.

అదే రోజు బావ ఊరికే ఉండక "నువ్వు చేసిన సీటేనా ఇది" అని అడిగినాడు. సీటుని ముందుకు జరిపి కింద ఫోన్ లైటు వేసి స్టిక్కర్ చూసినా. మా ప్లాంటే. షిఫ్టు చూస్తే మాది కాదు, ఆ టైమ్‌కి మేం ఇంట్లో పండుకోనుంటాం. మాదే బావా అని చెప్పినా. అక్క పిల్లలిద్దరూ అందరికీ అదే చెప్పుకుని తిరుగుతాండారు.

ఇంకో ముచ్చట. మా చీటీల్లో కొన్నిటి మీద ఎల్‌హెచ్‌డీ అని వస్తాది. అంటే డ్రైవర్ ఎడమవైపు కూచునే బండ్లు, బయట దేశాలకి పోయేవి. అప్పుడు డ్రైవర్ సీటుకి ఉండే ఎత్తు తగ్గించే లివరు, స్విచ్చులు, బకిల్ అన్నీ అద్దంలో చూసినట్టు అటుది ఇటు, ఇటుది అటు. మామూలు బండ్ల మధ్యలో ఒక ఎల్‌హెచ్‌డీ వస్తే చెయ్యి అలవాటుగా తప్పు డబ్బాలోకి పోతాది, కాబట్టి ఆ పార్టు డబ్బా తప్ప మిగతావన్నీ మూత పడిపోయేటట్టు పెట్టినారు. మన ఎర్రమంచి పక్కన తయారైన సీటు మీద యాడనో అరబ్బు దేశంలోనో, ఆఫ్రికాలోనో ఒకాయన కూచుంటాడు. మా బ్యాచ్‌లో ఒకడు దుబాయ్ పోవాలని పాస్‌పోర్ట్ తీసుకుని ఎదురుచూసి చూసి ఇక్కడ చేరినాడు, ఎల్‌హెచ్‌డీ చీటీ వచ్చినప్పుడల్లా "రేయ్, మనకంటే ముందే ఇది పోతాంది చూడు" అంటాడు.

ఇప్పుడు బ్యాడ్జిల సంగతి, ఫోన్ చేసేటోళ్లు అసలు అడగాల్సింది ఇదే. బయటికి అందరూ ఒకటే రకం యూనిఫాం, ఒకటే బస్సు. లోపల మాత్రం పర్మినెంటు వేరే, ట్రైనీ వేరే, కాంట్రాక్టు వేరే, కాంట్రాక్టులో కూడా మనిషిని పంపించే ఏజెన్సీని బట్టి వేరే. పక్క పక్కన నిలబడి ఒకే సీటుకి ఒకడు కుడివైపు, ఒకడు ఎడమవైపు క్లిప్పు పెడతాంటారు, నెలాఖరుకి ఇద్దరి జీతం ఒకటి కాదు. నేను ఈ కంపెనీకి రాకముందు వేరే ఏజెన్సీ కింద వేరేచోట చేసినా, పేరు చెప్పను, పే స్లిప్‌లో పీఎఫ్ కోత కనపడేది, ఖాతాలో మాత్రం పడేది కాదు. అడిగితే వచ్చే నెల అనేవాళ్లు, గట్టిగా అడిగితే రేపట్నించి రావద్దు అనేవాళ్లు. చివరికి కొంతమందిమి కలిసి పోయి కూచుంటే కొంత జమ చేసినారు, మిగతాది ఇప్పటికీ రాలే. 2019లో అసెంబ్లీలో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు లోకల్ వాళ్లకే అని చట్టం చేసినప్పుడు మా ఊర్లో స్వీట్లు పంచుకున్నారు. లోకలా కాదా అనేది సరే, ఎవరి రోల్ మీద, అంటే కంపెనీ లెక్కలోనా ఏజెన్సీ లెక్కలోనా, ఉండామనేది ఎవరూ అడగలే.

మా దగ్గర ఆబ్సెంట్లు ఎప్పుడు ఎక్కువంటే చెనిక్కాయ కట్టె పెరికేటప్పుడు, ఆ పైన ఊర్లల్లో జాతర్లకి. కొరియా మేనేజర్ ఒకాయన మొదటి ఏడాది ఇది చూసి బిత్తరపోయినాడంట, ఒకేసారి ఇంతమందికి జ్వరం ఎట్ల వచ్చిందని. ఇప్పుడు ఆయనే ముందుగా అడుగుతాడు, ఈసారి పంట ఎప్పుడు, ఎవరెవరికి సెలవు కావాల అని, దాన్ని బట్టి మనుషుల్ని సర్దుకుంటాడు. మంచాయన. ఉగ్గాని బజ్జి తింటాడు, బజ్జిలో మిరపకాయ మాత్రం తీసి పక్కన పెడతాడు, వాళ్ల కిమ్చీ తినేటప్పుడు మాత్రం ఆ కారం ఎట్ల తింటాడో తెలీదు.

మా నాయన ఇప్పటికీ రెండెకరాలు చెనిక్కాయ వేస్తాడు. వద్దు నాయనా, పెట్టుబడి కూడా రావడంలే అంటే, నీ ఫ్యాక్టరీలో నీకు నెలకి జీతం ఇస్తారు, నాకు నేల మీద తప్ప యాడ డ్యూటీ ఉంది అంటాడు. సీ షిఫ్టు, అంటే రాత్రి షిఫ్టు, చేసి పొద్దున్నే బస్సు దిగి, పండుకోకుండా నేరుగా చేన్లోకి పోయి కట్టె పెరికి, మళ్లీ రాత్రికి షిఫ్టుకి పోయినోళ్లని నేను చాలామందిని చూసినా, మా ఇంట్లోనే చూసినా. ఆ రోజుల్లో రాత్రి రెండు దాటినాక లైన్ మీద ఎవరు యాడ తూగుతాండారో లీడర్ అన్న తిరుగుతా చూసుకుంటాడు, ఎయిర్‌బ్యాగ్ స్టేషన్‌లో అట్లాంటోన్ని పెట్టడు, ట్రాలీలు తోసే పనికి మారుస్తాడు, నడుస్తా ఉంటే నిద్ర రాదని.

ఇంక నాకు ఫోన్ చేసేటోళ్లకి. నేను ఎవర్నీ పెట్టించలేను, ఆ పవర్ నాకు లేదు, డబ్బులిస్తే పెట్టిస్తామని ఎవరన్నా అంటే అక్కడే లేచి వచ్చేయండి. ఇంటర్వ్యూకి పోతే పిల్లోన్ని నాలుగు మాటలు అడగమని చెప్పండి. అపాయింట్‌మెంట్ లెటర్ ఎవరి పేరు మీద ఇస్తారు, కంపెనీదా ఏజెన్సీదా. ట్రైనింగ్ ఎన్ని నెలలు, తర్వాత ఏమవుతాది. ఓటీకి, అంటే టైమ్ దాటి చేసిన పనికి, చట్టం ప్రకారం రెండింతలు రావాల, ఇస్తారా. జీతం 21 వేల లోపు అయితే ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) ఉండాల, కార్డు ఎప్పుడిస్తారు. చేరిన రెండు నెలలకి పీఎఫ్ పాస్‌బుక్ ఫోన్లోనే చూసుకోవచ్చు, యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు తీసుకుని చూసుకోమనండి, స్లిప్ మీద ఉంది కదా అని ఊరుకోవద్దు.

ఇంకోటి, బస్సు రూటు ముందే అడగాల. హైవే మీద ఊర్లకైతే బస్సు ఉంటాది, లోపల ఊర్లకి ఉండదు. మా చిన్నాయన కొడుకు ఇవేవీ అడగకుండా చేరిపోయి, బస్సు పాయింటు వాళ్లూరికి ఎంత దూరమో మొదటి రోజు రాత్రి షిఫ్టు దిగినాక తెలుసుకున్నాడు. ఇప్పుడు వాడు సెకండ్ హ్యాండ్ బైకు కోసం చూస్తాండాడు. ఎవరి దగ్గరన్నా మంచి కండిషన్‌లో స్ప్లెండర్ ఉంటే చెప్పండి, పేపర్లు క్లియర్‌గా ఉండాల.